అందరికీ వచ్చే ఫోన్‌కాల్

"అసలు తాళంచెవి పోతే పోయింది, డూప్లికేట్ అయినా ఉండాలి కదండీ?"

"ఉంది."

"ఎక్కడ?"

"గది లోపల."

"మరి అసలుది?"

"దాని పక్కనే తగిలించి ఉంది."

తాళాలబ్బాయి ఆమె వంక పరీక్షగా చూశాడు. ఆటపట్టిస్తోందేమో అనుకున్నాడు. కాదు, ఆ ముఖంలో అలాంటిదేమీ కనబడలేదు. రెండు తాళంచెవుల్నీ ఒకే గుత్తికి తగిలించి, ఆ గుత్తిని బల్లమీద పెట్టి, తలుపు లాగేసుకుని వచ్చిన మనిషి ముఖం ఎలా ఉండాలో అలాగే ఉంది. పైగా వానలో తడిసింది. ఆమె వెనక మెట్లమీద నడివయసువాళ్ళూ ముసలివాళ్ళూ నోటుపుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు లోపలికి పంపిస్తారా అని బుద్ధిగా కూర్చున్నారు.

అతను మోకాళ్ళమీద కూర్చుని, సన్నటి తీగ రెండుసార్లు తిప్పి తలుపు తీశాడు. తాళాలు తీసేవాడు ప్రేమకథలోకి వస్తే కథ చెప్పేవాళ్ళకి నోరూరుతుంది, మనసు తలుపులూ అవీ అనేయబుద్ధవుతుంది. నేను అననులెండి. ఆ రోజు అతను తీసింది ఉత్త చెక్క తలుపే.

గొడవ ఆ తర్వాత మొదలైంది. ఆమె ఒక కాగితం అందించింది.

"ఏం పని చేశారో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి. ఆఫీసులో అడుగుతారు."

అతను చొక్కా జేబు తడుముకున్నాడు. "కళ్ళజోడు మర్చిపోయానండీ. మీరే రాసేసుకోండి."

ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. "ఇంత చిన్న కన్నంలో అంత సన్నటి తీగ పెట్టి తీశారు, కళ్ళజోడు లేకుండానే!" అంది మెల్లగా.

అతని చెవులు వేడెక్కాయి. "అయితే ఏంటంటారు?"

"ఏమీ అనను. ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటిరోజు కళ్ళజోడు మర్చిపోయే వస్తారు. సాయంత్రం ఆరింటికి క్లాసు."

"తలుపు తీయమన్నారు, తీశాను. నా జాతకం చూడమని మిమ్మల్ని నేనడిగానా?"

అని దబదబా మెట్లు దిగిపోయాడు. వీధి చివరిదాకా వెళ్ళాక గుర్తొచ్చింది, సామాన్ల పెట్టె పైనే వదిలేశాడని. అంత కోపంగా దిగి వచ్చినవాడు అంతలోనే తోక ముడుచుకుని ఎలా ఎక్కుతాడు? మర్నాడు పొద్దున వెళ్తే ఆ గదికి తాళం వేసి ఉంది. తీయడం అతనికి చిటికెలో పని. కానీ పిలవకుండా తాళం తీస్తే దాన్ని వేరే పేరుతో పిలుస్తారు కదా! సాయంత్రం ఆరింటిదాకా ఆగాడు. పెట్టె తీసుకున్నాడు. బయట వాన దంచుతోంది. తగ్గేదాకా కూర్చుందామని వెనక బల్లమీద కూలబడ్డాడు. తర్వాత కూడా లేవలేదు.

అది పెద్దల బడి. చిన్నప్పుడు బడికి పోలేనివాళ్ళు పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకునే చోటు. తాళాలబ్బాయికి ఇరవయ్యారేళ్ళు. చిన్నప్పుడే తండ్రి మంచం పడితే అక్క తాళాల దుకాణంలో కూర్చుంది, బడి మానేసి ఆమె పక్కన వీడు ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. ఆ పట్టుకోవడం ఇప్పటిదాకా వదల్లేదు. ఇప్పుడు ఊరంతా తలుపులకి కార్డు తాళాలొస్తున్నాయి. అవి బిగించడం నేర్పే ట్రైనింగులో చేరాలంటే ఈ బడి పరీక్ష పాసవ్వాలట. కాబట్టి తను చదువుకోసమే వస్తున్నానని అతను అక్కకి చెప్పాడు. కొన్నాళ్ళు తనకీ అదే చెప్పుకున్నాడు.

పాఠాలు చెప్పేది టీచరమ్మ. తలుపు తీయించుకున్నావిడ కౌన్సెలరమ్మ, ఆమె పని వేరు. వచ్చినవాళ్ళు మధ్యలో మానేయకుండా చూడటం ఆమె పని. మనవడు పంపే మెసేజీలు మళ్ళీ ఆ మనవడితోనే చదివించుకోవాల్సి వస్తోందని ఉడుక్కుని బడిలో చేరిన బామ్మగారికి కంటి డాక్టర్ని చూపించింది. సెక్యూరిటీ మామయ్య డ్యూటీ క్లాసు టైముకి అడ్డొస్తుంటే, వాళ్ళ సూపర్‌వైజర్‌తో మాట్లాడి షిఫ్ట్ మార్పించింది. ఎవరైనా రాకపోతే ఫోన్ చేసేది. ఫోన్ తీయకపోతే స్వయంగా వెళ్ళేది.

తాళాలబ్బాయి కష్టం ఇంకో రకం. ఒంటరిగా ఉంటే కూడబలుక్కుని చదివేవాడు. పక్కన ఎవరైనా వింటున్నారంటే నాలుక అంగిలికి అతుక్కుపోయేది.

"నాకు చదివి వినిపించకండి," అంది ఆమె ఒకరోజు తన గదిలో. "ఆ కిటికీకి వినిపించండి." అని తన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

అతను కాసేపు తటపటాయించాడు. ఇరవయ్యారేళ్ళ మగాడు కిటికీకి పాఠం చదివి వినిపించడమా? అయినా చదివాడు. "వాన... వచ్చింది. పిల్లి... అరుగు... ఎక్కింది." చదువుతూ చదువుతూ తలెత్తితే కిటికీ అద్దంలో ఆమె ముఖం కనిపించింది. గోడవైపు తిరిగి నవ్వుకుంటోంది. ఆ పిల్లి తర్వాత ఎక్కడికి వెళ్ళిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఆ వారం జలుబుచేసి క్లాసుకి వెళ్ళలేదు. ఫోన్ మోగింది.

"ఎందుకు రాలేదు? ఒంట్లో బాగుందా? తిన్నారా? మావైపు నుంచి ఏమైనా సాయం కావాలా?"

"తి... తిన్నానండీ."

అంతే మాట్లాడాడు. కానీ మర్నాడంతా ఆ మాటలే చెవిలో తిరుగుతుంటే ఒక ఇంటికి చేయాల్సిన తాళంచెవి ఇంకో ఇంటికి చేసి అక్కచేత చీవాట్లు తిన్నాడు. తిన్నారా అని ఎవరైనా ఊరికే అడుగుతారా? అడగరు. అడిగిందంటే ఏదో ఉంది. లేకపోతే ఎందుకు అడుగుతుంది?

క్లాసులో బామ్మగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అంది. "నాకూ జలుబేరా అబ్బాయీ. ఆ పిల్ల ఫోన్ చేసింది. ఒంట్లో బాగుందా, తిన్నారా అని ఎంత ఇదిగా అడిగిందనుకున్నావు!"

"ఏమైనా సాయం కావాలా అని కూడా అడిగిందా బామ్మగారూ?"

"అడక్కుండా ఉంటుందా? బంగారు తల్లి."

వాడి ముఖంలో గాలి పోయింది. ఆ సాయంత్రం వానలో బయల్దేరుతుంటే ఆమె వెనకనుంచి పిలిచి గొడుగు ఇచ్చింది. పోయిన గాలి మళ్ళీ వచ్చింది. వీధి మలుపు తిరిగితే సెక్యూరిటీ మామయ్య అచ్చం అలాంటి గొడుగే వేసుకుని పోతున్నాడు. "బడి గొడుగులే ఇవి. రేపు తెచ్చిచ్చెయ్యాలి, మర్చిపోకు," అన్నాడు.

ఇదీ వరస. ఆమె చూసే చూపు తనకా, హాజరు పుస్తకంలో తన పేరుకా? ఆ పలకరింపు మనసులోంచి వస్తోందా, ఉద్యోగంలోంచి వస్తోందా? ఒక సాయంత్రం అవుననిపిస్తే మర్నాడు కాదనిపించేది. కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి అతనిది. అడుగుదామంటే, ఏమని అడుగుతాడు? బామ్మగారి మీద ఉన్నదానికంటే నామీద కాస్త ఎక్కువ ఉందా అనా?

చివరికి పరీక్షించి చూద్దామనుకున్నాడు. ప్రేమలో పడ్డవాడికి వచ్చే ఆలోచనలన్నీ ఇలాగే ఉంటాయి. ఏ జబ్బూ లేకుండా క్లాసు ఎగ్గొట్టాడు. ఫోన్ వస్తే తీయలేదు. ఇంకోరోజు కూడా ఎగ్గొట్టాడు.

ఆమె వచ్చేసింది. దుకాణం ముందు నిలబడి, అతనితో కాదు, సరాసరి అక్కతో మాట్లాడింది.

"అక్కగారూ, దుకాణంలో పని ఎక్కువైందా? సాయంత్రంపూట ఆయన్ని కాస్త తొందరగా వదలడానికి వీలవుతుందా? మావైపు నుంచి ఏమైనా సాయం కావాలంటే..."

అక్క చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "నేనేం చేశానమ్మా? రోజూ అయిదు కాకముందే తల దువ్వుకుని కూర్చుంటాడు. నిన్నా మొన్నా కూడా బడికనే బయల్దేరాడు!"

తాళాలబ్బాయి తుప్పుపట్టిన తాళం ఒకటి తీసుకుని చాలా శ్రద్ధగా తుడిచాడు. కౌన్సెలరమ్మ అతని వంక చూసింది. ఆమె పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే ముఖం ఎందుకో పాలిపోయింది. "సరేనండీ, వస్తాను," అని గబగబా వెళ్ళిపోయింది.

"ఏరా, ఏంటీ వేషాలు?" అంది అక్క.

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే ఆ తాళానికి అంత మెరుగెందుకు? అది పాత ఇనుములో వెయ్యాల్సింది."

మర్నాడు ఆమె గదిలోకి వెళ్తే కుర్చీలో పెద్దసారు కూర్చుని ఉన్నాడు. బడిలో అందరికంటే పాత కౌన్సెలరు. గంభీరమైన మనిషి, పొడిదగ్గు.

"రా బాబూ. ఇకనుంచి నువ్వు నా దగ్గరికి రావాలి."

"ఆవిడకి ఒంట్లో బాగాలేదా సార్?"

"బాగానే ఉంది. తనే అడిగి మార్పించుకుంది."

"అందర్నీనా?"

"నిన్నొక్కణ్ణే."

ఇన్నాళ్ళూ తనొక్కడికే దక్కేది ఏదైనా ఉందా అని వెతికినవాడికి దక్కింది ఇది. బామ్మగారు ఆమె దగ్గరే ఉంది. సెక్యూరిటీ మామయ్య ఆమె దగ్గరే ఉన్నాడు. వరండాలో ఎదురుపడితే ఆమె "బాగున్నారా" అని నేలకి చెప్పి వెళ్ళిపోయేది. కావాలని ఎగ్గొట్టానని తెలిసిపోయింది, అందుకే అసహ్యం వేసి ఉంటుంది అనుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, దుకాణం వెనక గదిలో, అక్క చూడకుండా.

ఈసారి నిజంగా మానేశాడు. ఫోన్ మోగింది. ఒక్క ఉదుటున తీశాడు.

"ఎందుకు రాలేదు?" పెద్దసారు గొంతు, మధ్యలో దగ్గు. "ఒంట్లో బాగుందా? తిన్నావా?"

"తిన్నాను సార్," అని పెట్టేశాడు. ఆ మాటలు పూర్వం ఎంత బాగుండేవి!

పెద్దసారు వదిలే మనిషి కాదు. దుకాణానికి వచ్చాడు. అక్క స్టూలు వేసి టీ తెప్పించింది.

"పరీక్ష దగ్గరికొచ్చింది. ఇప్పుడు మానేస్తే ట్రైనింగ్ పోతుంది బాబూ."

"సార్, ఒక్కటి చెప్పండి. ఆవిడ నన్నెందుకు వదిలించుకుంది?"

"వదిలించుకోవడం అనకూడదు. అప్పగించడం అనాలి. ఎందుకో చెప్పడం మా పద్ధతి కాదు."

"పోనీ ఆ పద్ధతేంటో చెప్పండి."

పెద్దసారు టీ ఊదుకున్నాడు. "పద్ధతంటే... మావల్ల ఒక మనిషికి ఉపయోగం లేదనిపిస్తే ఇంకొకరికి అప్పగిస్తాం. లేదా ఆ మనిషి మాకు సొంతమనిషైతే అప్పగిస్తాం. సొంతవాళ్ళ విషయంలో తక్కెడ సమంగా నిలబడదయ్యా. ఎవరికైనా అంతే. రెండే కారణాలు."

తాళాలబ్బాయి అక్కవైపు తిరిగాడు. "అక్కా, ఆవిడ మనకేమైనా చుట్టమా?"

"మనకా? కాదే."

"అయితే మొదటిదే. నేను బాగుపడనని తేల్చేసిందన్నమాట."

పెద్దసారు ఏదో చెప్పబోయి, ఆగి, దగ్గి, టీ గుటుక్కున తాగేసి లేచాడు. అక్క పెద్దసారు వంక చూసింది. పెద్దసారు గోడకి వేలాడుతున్న తాళాల వంక చూశాడు. ఆయన వెళ్ళిపోయాక అక్క తల పట్టుకుంది.

"ఒరేయ్ మొద్దూ. ఆయన చెప్పిన రెండోది ఇంకోసారి ఆలోచించు."

"చుట్టరికం లేదని నువ్వే అన్నావుగా?"

"ఇప్పుడు లేదన్నాను. ఎప్పటికీ లేదన్నానా?"

"నువ్వొకదానివి. ఆలూ లేదు చూలూ లేదు..." అని విసుక్కుని లేచిపోయాడు. ఏ తాళం లోపల ఏం విరిగిందో చెవి ఆనించి చెప్పేవాడు, చెంపమీద కొట్టినట్టు చెప్పిన మాట మాత్రం అర్థం చేసుకోలేదు. అతనికి పౌరుషం వచ్చింది. బాగుపడనా? చూపిస్తాను. పాసై, ఆ గదిలోకి వెళ్ళి, ముఖంమీదే చెప్పి వస్తాను.

పౌరుషానికి ఉండే బలం తక్కువదేం కాదు. పరీక్షలో రాయాల్సినవన్నీ రాశాడు. చివర్లో ఒక పరీక్షకుడి ముందు గట్టిగా చదవాలి. కొత్తమనిషి, బట్టతల, చేతిలో పెన్ను. కాగితం అందుకోగానే నాలుక మళ్ళీ అతుక్కుపోయింది.

"చదవండి."

అక్షరాలు కనబడుతున్నాయి. నోరు తెరుచుకోవడం లేదు.

"సార్," అన్నాడు చెమట తుడుచుకుంటూ, "నేను ఆ కిటికీకి చదివి వినిపించవచ్చా?"

ఆయన వింతగా చూశాడు. "ఎవరికైనా వినిపించండి, నాకు వినబడితే చాలు."

కిటికీవైపు తిరిగాడు. బయట చినుకులు. మొదటి మాట వచ్చింది, దాని వెనక రెండోది వచ్చింది. నోరు ఆగకుండా సాగింది. సగంలో ఉండగా అద్దంలో కనబడింది. అతని వెనక, తలుపు బయట వరండాలో, కౌన్సెలరమ్మ. దుపట్టా కొస నోటికి అదిమిపెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. చదవడం పూర్తిచేసి వెనక్కి తిరిగేసరికి అక్కడెవరూ లేరు.

ఉపయోగం లేదనుకున్న మనిషి పరీక్ష దగ్గరికి ఎందుకొచ్చినట్టు? వచ్చింది పో, కళ్ళు మూసుకోవడం ఎందుకు? బుర్ర వేడెక్కిపోయింది తప్ప జవాబు దొరకలేదు.

పాసయ్యాడు. పెద్దసారు భుజం తట్టి, "ఇవాళ్టితో నువ్వు మా విద్యార్థివి కాదు. వెళ్ళు," అన్నాడు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పలేదు, కనుబొమలతో ఆమె గది చూపించాడంతే.

వెళ్ళాడు. దారిలో కూడబలుక్కున్న మాటలు పోగొట్టుకోకుండా గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"పాసయ్యానండీ. నావల్ల కాదనుకుని పెద్దసారుకి అప్పగించేశారు కదా. చూశారా మరి!"

ఆమె కుర్చీలోంచి లేచింది. "మీవల్ల కాదని నేనెప్పుడనుకున్నాను?"

"మరి నన్నొక్కణ్ణే ఎందుకు మార్చారు? క్లాసు కావాలని ఎగ్గొట్టాననేగా?"

"అవును. ఎగ్గొట్టినందుకే."

"అదే అనుకున్నాను. కోపం వచ్చింది."

"కోపం వస్తే బాగుండేది," అంది ఆమె. "మీ అక్కగారి మాట వినగానే, మీరు ఎందుకు ఎగ్గొట్టారో అర్థమైంది. అర్థమై సంతోషం వేసింది. విద్యార్థి క్లాసు ఎగ్గొడితే సంతోషించే కౌన్సెలర్ని ఎక్కడైనా చూశారా? ఆ సాయంత్రమే పెద్దసారు దగ్గరికి వెళ్ళి, ఈ మనిషిని నా దగ్గరుంచకండి అని చెప్పాను."

అతను గుమ్మం పట్టుకున్నాడు. "ఒక్క నిమిషమండీ. నాకు గందరగోళంగా ఉంది. మీరు అందరికీ ఫోన్ చేస్తారు."

"చేస్తాను."

"బామ్మగారిని కూడా తిన్నారా అని అడుగుతారు."

"అడుగుతాను. బామ్మగారు తినలేదంటే నాకు జాలేస్తుంది." ఆమె బల్లమీది తాళాల గుత్తి తీసుకుని ఊరికే తిప్పింది. "మీరు తినలేదేమో అనిపిస్తే నేనూ తినలేకపోయేదాన్ని. చాలా? ఇంకా వివరంగా చెప్పాలా?"

చాలు. అయినా మనవాడు మనవాడే.

"అంటే... పెద్దసారు చెప్పిన రెండో కారణమా?"

"ఆయన మీకు కారణాలు కూడా చెప్పారా!" అని ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. కిటికీ అద్దంలో కాదు, ఎదురుగా నిలబడి నవ్వింది. ఆ నవ్వులో అతనికి ఇన్నాళ్ళ చిక్కు విడిపోయింది. ఏం మాట్లాడాలో తెలియక, తెలిసిన మాటలే అడిగాడు.

"మీరు తిన్నారా?"

"పొద్దుట్నుంచీ లేదు. మీ ఫలితం వచ్చేదాకా..."

"పదండి. ముందు తిని, తర్వాత మా అక్కతో మాట్లాడదాం."

గది తలుపు లాగేసి మెట్లు సగం దిగాక ఆమె ఆగిపోయింది. తాళాల గుత్తి బల్లమీదే ఉంది. అతను ఏమీ అనకుండా జేబులోంచి సన్నటి తీగ తీశాడు.

వాళ్ళిద్దరూ దుకాణం ముందుకి వచ్చేసరికి అక్క బెదిరిపోయింది. "మళ్ళీ నేనేం చేశానమ్మా?"

"మీరేం చేయలేదక్కగారూ. మీతో... ఒక విషయం..." అని మొదలుపెట్టి ఆపేసింది కౌన్సెలరమ్మ. ఊళ్ళో అందరితో అందరి కష్టాలూ మాట్లాడే మనిషికి తన మాట చెప్పుకోవడం చేతకాలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

అక్క ఇద్దర్నీ చూసింది. తమ్ముడి చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆమెకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. ఆకురాయి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, స్టూలు ముందుకి జరిపింది.

"కూర్చో తల్లీ. ఎప్పుడూ నువ్వే అందర్నీ అడుగుతావు, నిన్నెవరూ అడిగినట్టు లేరు. ఇవాళ నేనడుగుతున్నాను చెప్పు. మావైపు నుంచి నీకేమైనా సాయం కావాలా?"

ఆమె తలొంచుకుని, వినీ వినబడనట్టుగా అంది. "మీ తమ్ముణ్ణి ఇస్తే చాలండి."

"ఓస్, అంతేనా!" అంది అక్క, కళ్ళనిండా నీళ్ళతో. "తీసుకో. కానీ ముందే చెబుతున్నాను, మళ్ళీ నాకు అప్పగించకూడదు."